నవ్వు అరిగాకే పాట

ఊరి పక్క నదిని తెల్లదొర కనిపెట్టాడని బడి పుస్తకంలో ఉంది. తాతముత్తాతల నాటి నుంచీ ఆ నీళ్లే ముంచుకు తాగుతున్నవాళ్లకు ఆ సంగతి బడికి పోతేగాని తెలియలేదు. చిన్నోడు రెండో తరగతిలో ఉండగా పంతులు, "ఈ నదిని మొట్టమొదట చూసిందెవరు?" అని అడిగితే, వాడు లేచి నిలబడి "మా అవ్వండి" అన్నాడు. పంతులు వాడి వీపు విమానం మోత మోగించి పంపాడు. ఆ సాయంత్రం తమ్ముడి వీపుకు నూనె రాస్తూ, అప్పటికింకా మీసం కూడా మొలవని అన్న ఒక చరణం కట్టాడు.

"ఏరు కనిపెట్టాడు దొర, ఏరు కనిపెట్టాడు
ఏట్లో మా అవ్వ బట్టలుతుకుతుంటే కనిపెట్టాడు."

ఏడుస్తున్నవాడు ఏడుస్తూనే నవ్వాడు. చిన్నోడి నవ్వు పొడిదగ్గులా మొదలయ్యేది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు రెండుసార్లు దగ్గి, ఆ తర్వాత కట్ట తెగినట్టు వచ్చేది. ఒకసారి మొదలైతే ఆపమన్నా ఆగేది కాదు. ఆ నవ్వు వినడానికే అన్న చరణాలు కట్టడం మరిగాడంటే అబద్ధం కాదు. పెద్దయ్యాక అందరూ అతన్ని పాటగాడు అన్నారు. అసలు పేరు పెట్టినవాళ్లు ఎప్పుడో పోయారు, ఆ పేరుతో పిలిచే అవసరం మరెవరికీ రాలేదు.

తండ్రి బరువులెత్తి ఎత్తి నడుం విరిగి మంచాన పడి పోయాడు. తల్లి ఆయన వెనకే పోయింది. తమ్ముడికి అమ్మా నాన్నా రెండూ తనే అయ్యాడు పాటగాడు. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, "ముందు వాడు గట్టెక్కనీ" అనేవాడు. వాడు గట్టెక్కి పెళ్లాన్ని తెచ్చుకునే సరికి ఇతనికి ఆ ముచ్చట తీరే వయసు దాటిపోయింది. పక్కపక్కనే రెండు గదులు, మధ్యలో ఒకటే గోడ. పాటగాడు ఈ గదిలో పడుకుని, ఆ గదిలో తినేవాడు. మరదలు కిటికీ దగ్గర కూర్చుని గోనెసంచులు కుట్టేది. మాట తక్కువ మనిషి, చెయ్యి మాత్రం ఆగేది కాదు. బావగారికి కంచం పెట్టి, మళ్లీ సూది అందుకునేది.

వాళ్లది బరువులెత్తే ముఠా. మిషన్లు దూరని సందుల్లోనూ, మిషన్లకు తాహతు లేని గోదాముల్లోనూ ఇనప్పెట్టె కానీ, పిండిమర కానీ, బాయిలరు కానీ మోకులూ కప్పీలతో ఎత్తి పెట్టడం వాళ్ల పని. ముఠాకో మేస్త్రి, మోకులు చూసుకోవడానికో ముసలాయన. ఆయన్ని మోకుల తాత అనేవారు. సాయంత్రాలు ఆయన మోకుల్ని ఒళ్లో పెట్టుకుని పిల్లల తలలో పేలు చూసినట్టు పోగు పోగూ చూసేవాడు. ఆ ముఠాకు పాట లేకపోతే పని లేదు. పాటగాడు చరణం పాడుతున్నంతసేపూ మనుషులు బరువును ఊపిరి బిగబట్టి ఆపుతారు. చరణం ముగియగానే అందరూ ఒక్కసారి "ఐలేసా" అని లాగుతారు. బరువు జానెడు లేస్తుంది. మళ్లీ చరణం, మళ్లీ ఆపడం.

ఆ పాట దొర మీదే. దొర అడవులూ కొండలూ కనిపెట్టడానికి బయల్దేరినప్పుడు ఆయన పెట్టెలూ, మంచమూ, స్నానాల తొట్టీ మోసినవాళ్లు ఈ ముఠావాళ్ల ముత్తాతలు. దొర రాసిన పుస్తకంలో ఆయన గుర్రానికి పేరుంది, కుక్కకు పేరుంది, వీళ్లకు లేదు. పోనీలే అని వీళ్లు ఆ పుస్తకం జోలికి పోలేదు. తమ పాటలోకి దొరను లాక్కొచ్చారు. అక్కడ ఆయన చేసిన ఘనకార్యాలన్నీ వరసగా ఉన్నాయి.

"చిత్తడి దాటాడు దొర, చిత్తడి దాటాడు
చెప్పైనా తడవలేదు, మా మెడల మీద దాటాడు.

మందితో పోయాడు దొర, మందితో పోయాడు
ఒంటరిగా తిరిగొచ్చి, టోపీ పోయిందన్నాడు."

ఈ రెండోది ఎవరు కట్టారో తెలియదు. కట్టినవాడి తండ్రో అన్నో ఆ మందిలో ఉండే ఉంటాడు. లేకపోతే ఆ టోపీ మాట అంత చల్లగా ఎలా వస్తుంది?

ఇంత వెక్కిరింపు పాట పాడుతూ ముఠాలో ఒక్కడూ నవ్వడు. చూసేవాళ్లకు అది వింతగా ఉండేది. ఒకసారి పెద్ద చదువులవాళ్లెవరో వచ్చి పాటను రికార్డు చేసుకున్నారు. వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే వీళ్లు శవాన్ని మోస్తున్నవాళ్లలా మొహాలు పెట్టుకుని పాడారు. "మీకు నవ్వు రాదా?" అని అడిగితే మేస్త్రి, "మాది అరిగిపోయిందండీ" అన్నాడు. నిజంగానే అరగదీస్తారు. ఎవరైనా కొత్త చరణం కడితే అది ముందు అన్నాల వేళ నేల మీద కూర్చుని పాడాలి. అందరూ నవ్వాలి. మర్నాడు మళ్లీ పాడాలి, మళ్లీ నవ్వాలి. అలా రోజూ నమిలి నమిలి, ఆఖరుకు చిన్నోడంతటివాడికి కూడా దాన్ని వింటే ఆవలింత వచ్చినప్పుడే అది పనిలోకి వస్తుంది. గాల్లో బరువుండగా కొత్త చరణం పాడకూడదు. నవ్వితే ఊపిరి వదులు, ఊపిరి వదిలితే చెయ్యి వదులు. నవ్వు నాలుగు విధాల చేటని లోకం మాటవరసకు అంటుంది. ఈ ముఠా ఆ మాటను తాడు ముడి వేసినంత జాగ్రత్తగా పాటించేది.

అంతా తెలిసినవాడే తప్పు చేశాడు. తెలియనివాడికి ఆ అవకాశమే రాదు.

ఊళ్లో పాత చౌకు మధ్యలో దొర విగ్రహం పెట్టాలని పెద్దలు అనుకున్నారు. పోయి వందేళ్లు దాటినవాడికి ఇప్పుడెందుకయ్యా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అంత ఆసక్తీ లేదు. నిలువెత్తు కన్నా పెద్ద విగ్రహం, పోతపోసిన లోహం. ఎడం చెయ్యి నడుం మీద, కుడిచెయ్యి ముందుకు చాచి, చూపుడు వేలు దూరంగా చూపిస్తూ ఉంటుంది. చౌకులోకి వచ్చే సందు ఇరుకు. క్రేన్ రావాలంటే ఒక గోడ పడగొట్టాలి. గోడ సొంతగాడు పెద్దమనిషి, ఒప్పుకోలేదు. అందుకని ముఠాను పిలిచారు. దొరను మోసినవాళ్ల మునిమనవళ్లే దొరను మళ్లీ ఎత్తాలి. ఇది తలుచుకుని అన్నాల దగ్గర అందరూ నవ్వుకున్నారు. చిన్నోడైతే, "అన్నా, ఈసారన్నా కూలి అడుగుదాం" అని దగ్గి దగ్గి నవ్వాడు.

పని మొదలయ్యే ముందు ఇంజనీరు మేస్త్రిని పక్కకు పిలిచాడు. "మీరేదో పాట పాడతారంట. పెద్దవాళ్లు వస్తున్నారు. దొర మాట రానివ్వొద్దు" అన్నాడు.

మేస్త్రి వచ్చి పాటగాడి చెవిలో వేశాడు. "మాటలొద్దురా. ఉత్త రాగం తీయి. మనవాళ్లకు వరస తెలుసుగా."

"సరే" అన్నాడు పాటగాడు. అన్నాడు కానీ అతనికి లోపల ఎక్కడో చురుక్కుమంది. తాతల నాటి పాటను చంకలో దాచుకుని మూలుగుతూ నిలబడటం అతనికి అలవాటు లేదు.

మూడు దుంగలు నిలబెట్టి, కప్పీలు కట్టి, విగ్రహానికి చంకల కింద నుంచి మోకులు వేశారు. ముందు మోకుల మీద ముఠా అంతా ఉంది. చిన్నోడు మాత్రం విగ్రహం దగ్గరే, అది తిరిగిపోకుండా నడుముకు కట్టిన తాడు పట్టుకున్నాడు. ఆ చోటు నమ్మకమైనవాడికే ఇస్తారు. ఎందుకంటే అక్కడ నిలబడినవాడు పైకి చూడడు. పైన ఉన్నదాన్ని మిగతావాళ్లు చూసుకుంటారని నమ్మి తన తాడు మీదే కన్నుంచుతాడు. చౌకు చుట్టూ జనం. వాళ్లలో ఒక పక్కగా మరదలు కూడా నిలబడి ఉంది. కుట్టిన సంచులు అప్పగించి వస్తూ ఆగింది.

ఉత్త రాగంతో విగ్రహం నేల విడిచింది. దిమ్మ ఎత్తుకు వచ్చింది, దాన్ని దాటింది. ఇంకొక్క జానెడు లేస్తే పక్కకు జరిపి దించడమే. ఇంజనీరు తల ఊపుతూ తాళం వేస్తున్నాడు. పెద్దవాళ్లు కుర్చీల్లో సర్దుకున్నారు. అప్పుడు విగ్రహం చిన్నోడి తాడుకు లొంగకుండా మోకు మీద నెమ్మదిగా తిరిగి, చాచిన వేలు చౌకు మూలన ఉన్న మూత్రశాల గోడకు గురిపెట్టి ఆగింది.

పాటగాడు చూశాడు. చూడకపోతే బాగుండేది. కొత్త చరణం పాదాలు వాటంతటవే నాలుక మీదకు వచ్చి కూర్చున్నాయి. ఇలాంటిది జన్మలో ఒకసారే వస్తుందని అతనికి అనిపించింది. ఇంజనీరు తాళం మీద కోపం కూడా ఉంది. ఆ క్షణంలో అతనికి బరువు గుర్తులేదు. తమ్ముడు గుర్తున్నాడు, కానీ ఈ మాట వింటే వాడెలా నవ్వుతాడో అన్నట్టుగానే గుర్తున్నాడు. ఈ సంగతే తర్వాత అతన్ని కాల్చుకు తిన్నది.

"వేలు చాపాడు దొర, దూరంగా వేలు చాపాడు
వందేళ్లుగా ఒంటేలు ఆపుకుని, చోటెక్కడని అడిగాడు."

ముందు పొడిదగ్గు వినిపించింది. రెండుసార్లు. ఆ తర్వాత చిన్నోడి నవ్వు చౌకంతా వినిపించింది. అది విని ముఠా నవ్వింది. ఏళ్ల తరబడి ఆ పాటకు కదలని మొహాలన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. "ఐలేసా" అనాల్సిన చోట ఎవరూ అనలేదు. మోకులు అరచేతుల్లోంచి జారాయి. మేస్త్రి ఏదో అరిచాడు. చిన్నోడు నవ్వుతూనే ఉన్నాడు, పైకి చూడలేదు.

తర్వాతది చెప్పుకోవడానికి బాగుండదు. విగ్రహం కింద ఉన్న చిన్నోణ్ని తీయాలంటే దాన్ని మళ్లీ ఎత్తాలి, ఎత్తాలంటే పాట కావాలి. పాటగాడి గొంతు పెగల్లేదు. మోకుల తాత వణికే గొంతుతో వరస అందుకున్నాడు. దానికే లాగారు. అప్పటికి ఆలస్యమైంది.

విచారణకు వచ్చినవాళ్లు అందర్నీ విడివిడిగా అడిగారు. ముందుగా ఎవరూ కూడబలుక్కోలేదు. అయినా ప్రతివాడూ ఒకటే చెప్పాడు: మోకు పాతది, జారింది. పాట సంగతి చెబితే పాటను ఆపేస్తారు, పాట ఆగితే ముఠా ఆగుతుంది, ముఠా ఆగితే పొయ్యిలు ఆగుతాయి. ఇంజనీరుకూ ఈ మాటే నచ్చింది. గోడ పడగొట్టకుండా పని తొందరపెట్టింది ఆయనే కదా. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ పంచుకున్నారు గానీ, మోయాల్సి వచ్చింది మాత్రం ఒక్కడికే. ఆఖరున అందరి ముందూ మోకుల తాతను పిలిచి, "పాతదేనా?" అని అడిగారు. ముసలాయన ఒళ్లోని మోకు మీద చెయ్యి వేసి, కాసేపు పాటగాడి వైపు చూసి, "పాతదేనయ్యా" అన్నాడు. ఆ సాయంత్రమే ఆయన్ని పనిలోంచి తీసేశారు.

విగ్రహం మోచేయి సొట్టపోయింది. దాన్ని అతికించి, సందులో గోడ పడగొట్టి, క్రేన్ తెచ్చి నిలబెట్టారు. ఈసారి పెద్దమనిషి అడ్డు చెప్పలేదు. పూలదండలు వేశారు, చప్పట్లు కొట్టారు. దొర విగ్రహానికి తగిలిన దెబ్బ గురించి ఒక పెద్దాయన మైకులో చాలా బాధపడ్డాడు.

పాటగాడు పాట మానేశాడు. ముఠాలో ఇంకొకడు ముందుకొచ్చి ఉత్త రాగం తీస్తుంటే, అతను చివర నిలబడి మోకు లాగేవాడు. అన్నాల దగ్గర ఎవరూ ఏమీ కట్టేవారు కాదు. తేలు కుట్టిన దొంగల్లా తలలు దించుకుని తిని లేచేవారు. మేస్త్రి ఒకసారి, "అయిందేదో అయింది, ఎన్నాళ్లని" అనబోయి, అతని మొహం చూసి మానుకున్నాడు. మోకుల తాత పనికి రాకపోయినా పొద్దున్నే ముఠా షెడ్డు ఎదురుగా టీ బడ్డీ బల్ల మీదకు వచ్చి కూర్చునేవాడు. ఖాళీ చేతులు ఏం చేయాలో తెలియక ఒకదాన్ని ఒకటి నిమురుతూ ఉండేవాడు. పాటగాడు ఆ దారిన పోలేక వెనక గుమ్మం నుంచి లోపలికి వెళ్లేవాడు.

ఇంటికొస్తే ఇంకో నరకం. మరదలు ఎప్పట్లాగే కంచం పెట్టేది. అతను ముద్ద కలిపే వేళకు కిటికీ దగ్గర కూర్చుని, సూది ఆడిస్తూ, తలెత్తకుండా మొదలుపెట్టేది.

"ఆ ముసలాడి చేతులు పడిపోను. పాత మోకు ఇచ్చి నా కొంప కూల్చాడు. వాడికి కళ్లు పోయినా బాగుండేది."

పాటగాడు ముద్ద కలుపుతూనే ఉండేవాడు. నోరు తెరిస్తే ముఠా పోతుంది, మూస్తే ముసలాయన పోతాడు. రోజూ అదే తిట్టు, అదే కంచం. తినకుండా లేస్తే, "ఏం బావగారూ, బాలేదా?" అని అడిగేది. అందుకని తినేవాడు. వానలు వచ్చి పోయాయి. బల్ల మీద మోకుల తాత నానాటికీ చిక్కిపోతున్నాడు. ఒకరోజు ఆయన రాలేదు. మంచం పట్టాడని, మాట కూడా సరిగా రావడం లేదని టీ బడ్డీవాడు చెప్పాడు.

ఆ రోజు సెలవు. మధ్యాహ్నం ఎండ గుమ్మంలో పడుతోంది. మరదలు కంచం పెట్టి, కిటికీ దగ్గరకు వెళ్లి, సూదిలో దారం ఎక్కిస్తూ అంది.

"మంచం పట్టాడంటగా ముసలాడు. మంచిదైంది. పురుగులు పడి పోతాడు."

పాటగాడు చెయ్యి కంచంలోనే ఉంచి, "ఆయన్నేమీ అనకమ్మా" అన్నాడు.

"ఏం, ఎందుకనకూడదు?"

"మోకు మంచిదే. ఆయన మోకు ఏనాడూ జారలేదు. నేనే..." ముద్ద వదిలేశాడు. మళ్లీ అన్నాడు. "బరువు గాల్లో ఉండగా కొత్త మాట పాడాను. నవ్వారు. అంతా వదిలేశారు. వాణ్ని చంపింది నేను."

మరదలు దారం ఎక్కించడం ఆపలేదు. ఎక్కింది. చివర ముడి వేసింది.

"తెలుసు" అంది.

అతను తలెత్తాడు.

"నేనక్కడే ఉన్నాను కదా. మా ఆయన నవ్వు నాకు తెలియదా? మోకు జారితే మనిషి నవ్వుతాడా?" ఆమె గొంతు పెంచలేదు. "మీరొచ్చి చెబుతారనుకున్నాను. కర్మ రోజున చెబుతారనుకున్నాను, చెప్పలేదు. ముసలాయన పని పోయిన రోజు చెబుతారనుకున్నాను, చెప్పలేదు. అప్పట్నుంచి రోజూ మీ కంచం ముందు ఆయన్ని తిడుతున్నాను. ఎన్ని తిట్లకి మీకు నోరొస్తుందో చూద్దామని. వీధిలో కనిపిస్తే తాతా అనే పిలిచాను. ఒక్కనాడైనా ఆయన్ని పల్లెత్తు మాటనలేదు."

పాటగాడికి తిట్టమనో కొట్టమనో అడగాలనిపించింది కానీ, అదీ తన మనసు తేలికపడడానికే అని తోచి ఊరుకున్నాడు.

"ఇప్పుడు మంచాన పడ్డాక చెప్పారు" అంది మరదలు. కాసేపు కుట్టింది. తర్వాత సంచిని పక్కకు పెట్టి, మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది. "నేను దూరంగా ఉన్నాను. నవ్వు వినబడింది గానీ మాట వినబడలేదు. ముఠాలో ఎవర్నడిగినా చెప్పరు. అదేంటో నాకు చెప్పండి."

"వద్దమ్మా."

"చెప్పండి. అంత నవ్వు వచ్చిన మాటేంటో నేను వినాలి."

"పాడలేను."

"పాడొద్దు. చెప్పండి చాలు."

అతను చెప్పాడు. రాగం లేకుండా, కంచంలో అన్నం మెతుకులు చూస్తూ, రెండు పాదాలూ మామూలుగా చెప్పాడు. దొర వేలు చాపడమూ, వందేళ్లుగా ఆపుకోవడమూ, చోటు అడగడమూ. చెబుతుంటే అవి ఎవరో పసిపిల్లలు గోడ మీద రాసుకున్న మాటల్లా ఉన్నాయి.

మరదలు ఇంకా ఏదో వస్తుందన్నట్టు చూస్తూనే ఉంది. అతను ఆగిపోయాడు.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

"ఆయన నవ్వింది దీనికా బావగారూ?"

అతను తల ఊపాడు. ఆమె మళ్లీ అడగలేదు. పెదాలు కదుపుతూ ఆ రెండు పాదాలూ తనలో తాను అనుకుంది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. అందులో నవ్వు ఎక్కడుందో ఆమెకు దొరకలేదు.